విగ్గు మొజార్ట్, అసలు మొజార్ట్

ప్రాగ్‌లో తెల్ల విగ్గు, ఎర్ర కోటు వేసుకుని ఎవరైనా టికెట్లు అమ్ముతుంటే ఆగకండి. మేం ఆగాం. "డాన్ జియోవానీ, ఈ రాత్రికే" అన్నాడు. మొజార్ట్ స్వరపరిచిన ఆపెరా, అంటే పాటలతో నడిచే నాటకం అది. మనిషికి 1,200 కొరూనాలు. ముగ్గురికి మన డబ్బుల్లో దాదాపు పదమూడు వేలు. తీరా చూస్తే అదో చిన్న హాలు. ఐదుగురు వాయించారు, ఒకావిడ రెండు పాటలు పాడింది, యాభై నిమిషాల్లో లైట్లు వేసేశారు. కథ లేదు, వేషాల్లేవు. అదేమని అడిగితే, టికెట్ మీద 'హైలైట్స్' అని చీమ తలకాయంత అక్షరాలు చూపించారు. మా ఆవిడ హోటల్ దాకా నోరు విప్పలేదు. నాన్న మాత్రం "విగ్గు బాగుందిరా" అన్నారు.

కోట, వంతెన, హోటల్ అన్నీ బాగానే ఉన్నాయి.

మర్నాడు నేషనల్ థియేటర్ వాళ్ల సైట్ చూస్తే, అసలు ఆపెరా ఆ రోజు రాత్రే ఎస్టేట్స్ థియేటర్‌లో ఉంది, వెళ్లాం. 1787 అక్టోబర్ 29న మొజార్ట్ దగ్గరుండి మొదటిసారి ఆడించింది అక్కడే. పై గ్యాలరీలో సీటుకి 390 కొరూనాలు పడింది. వేదిక ఎడమ మూల కనబడదు, మోకాళ్లు పట్టేస్తాయి. అయినా కొనండి.

మొదట్లోనే డాన్ జియోవానీ ఒక పెద్దాయన్ని చంపేస్తాడు. నౌకరు లెపొరెల్లో చీకట్లో "చచ్చింది ఎవరు? మీరా, ముసలాయనా?" అంటాడు. పైన ఇంగ్లిష్‌లో మాటలు వేస్తారు కాబట్టి నాన్న గట్టిగానే నవ్వారు. తర్వాత వాడు యజమాని ఆడవాళ్ల చిట్టా విప్పుతాడు: ఇటలీలో 640, జర్మనీలో 231, స్పెయిన్‌లో 1,003. హాలంతా నవ్వు. కానీ ఆ చిట్టా వింటున్నది అతని చేతిలో మోసపోయిన ఎల్విరా. ఆవిడ ముఖం చూశాక నాకు నవ్వు ఆగిపోయింది. నవ్విస్తూనే గొంతు పట్టుకునే ఈ రకాన్ని ఇటాలియన్‌లో 'ద్రామ్మా జియోకోసో' అంటారట.

చివర్లో ఆ పెద్దాయన రాతి విగ్రహమై భోజనానికి వస్తాడు, జియోవానీని నరకం మింగేస్తుంది. తెనాలిలో సురభి నాటకాలు చూస్తూ పెరిగిన మనిషి కదా, నాన్నకి ఆ పొగ ఆనలేదు. "మన సురభి వాళ్లయితే నిజం మంటలే తెప్పించేవాళ్లు" అని గొణిగారు. పాటలకి మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ట్రామ్‌లో మా ఆవిడ లెక్క వేసింది. "ముగ్గురికీ 1,170. విగ్గువాడు ఒక్కరికి తీసుకున్నదానికంటే 30 తక్కువ." ఆ రోజుకి నాతో మొదటి మాట అదే.