ఎక్సెల్, గూగుల్ షీట్స్, కాల్క్: విద్యార్థికి ఏది మేలు?

ఈ ఏడాది బీకామ్‌లో చేరిన మా చెల్లి ఫోన్ చేసి, "అక్కా, ఎక్సెల్ నేర్చుకోవాలంటే డబ్బు కట్టాలా?" అని అడిగింది. మొదలుపెట్టడానికి అక్కర్లేదు. ఎక్సెల్ అంటే గళ్ల పట్టికలో లెక్కలు వేసే ప్రోగ్రామ్, అంటే స్ప్రెడ్‌షీట్. అలాంటిది నేర్చుకోవడానికి దారులు మూడున్నాయి.

జీమెయిల్ ఉంటే గూగుల్ షీట్స్ ఉన్నట్టే. గ్రూప్ ప్రాజెక్టుకు దాన్ని మించింది లేదు. నలుగురూ ఒకే షీట్‌లో రాయొచ్చు, ఎవరైనా పొరపాటున చెరిపేసినా వెర్షన్ హిస్టరీలోంచి పాతది తెచ్చుకోవచ్చు. కానీ ఆఫ్‌లైన్ సెట్టింగ్ ముందే పెట్టుకోకపోతే నెట్ పోగానే పని ఆగిపోతుంది.

లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని కాల్క్ పూర్తిగా ఉచితం. ఒకసారి ఇన్‌స్టాల్ చేస్తే నెట్ అవసరమే ఉండదు, పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, కాకపోతే మాక్రోలు (పనుల్ని వాటంతటవే చేసిపెట్టే చిన్న ప్రోగ్రాములు) ఉన్న ఫైళ్లు ఒక్కోసారి సరిగా పనిచేయవు.

ఎక్సెల్‌కు డబ్బు కట్టాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉంటే బ్రౌజర్‌లో ఉచితంగా వాడుకోవచ్చు గానీ, అందులో అన్ని సౌకర్యాలూ ఉండవు. ఒక్క షీట్‌లో 10,48,576 వరుసలు పడతాయి. అకౌంట్స్ ఆఫీసుల్లో ఎక్కువగా నడిచేది ఇదే. డబ్బు లేదని పెన్‌డ్రైవ్‌లో దొరికిన దొంగ కాపీ మాత్రం వేసుకోవద్దు. నేను వేసుకుని, వైరస్‌తో సెమిస్టర్ రికార్డు మొత్తం పోగొట్టుకున్నాను. ఆ వారం పడిన టెన్షన్ ఇంకా గుర్తుంది.

నిజంగా కష్టపడాల్సింది వేరే చోట. హాస్టల్ మెస్ బిల్లే తీసుకోండి. రోజు రేటు డి1 గడిలో ఉంది, ఒక్కొక్కరు తిన్న రోజులు బి నిలువు వరుసలో ఉన్నాయి. మొదటి అమ్మాయి రోజుల్ని డి1తో గుణించే ఫార్ములా రాసి కిందికి లాగితే మిగతా అందరికీ సున్నాలొస్తాయి. ఎందుకంటే కిందికి దిగిన కొద్దీ డి1 కాస్తా డి2, డి3 అయిపోతుంది, అక్కడేమో ఏమీ లేదు. అక్షరానికీ అంకెకూ ముందు డాలర్ గుర్తు పెడితే ($D$1 అని) ఆ గడి కదలదు. ఇది అర్థమైన రోజున స్ప్రెడ్‌షీట్ చేతికొచ్చినట్టే. మూడింటిలోనూ ఇది ఒకేలా పనిచేస్తుంది. అందుకే ఏది అందుబాటులో ఉంటే దాంతో మొదలుపెట్టి, ప్లేస్‌మెంట్లకు రెండు నెలల ముందు ఎక్సెల్‌కు మారితే చాలంటాను.

చెల్లి హాస్టల్‌లో రాత్రి పదింటికి వైఫై ఆపేస్తారు. అందుకని తన లాప్‌టాప్‌లో కాల్క్ వేసిచ్చాను. ఈ నెల తన గది వాళ్ల మెస్ బిల్లు లెక్క అందులోనే కట్టింది.