పేపర్ల కోసం ఓపెన్ యాక్సెసా, లైబ్రరీ డేటాబేసా: ఏది మేలు?

పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. యూనివర్సిటీ లాగిన్ చేతిలో ఉన్నన్నాళ్లూ పేపర్లు వెతకడం లైబ్రరీ చందా కట్టిన డేటాబేస్‌లోనే మొదలుపెట్టండి, ఇంకొకరికి పంపాల్సి వస్తే మాత్రం ఓపెన్ యాక్సెస్ కాపీ, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగేది, దొరుకుతుందేమో చూడండి. "అన్నీ ఫ్రీగా దొరుకుతున్నాయిగా, లైబ్రరీ ఎందుకు?" అనేవాళ్లతోనూ, "ఫ్రీ జర్నల్ అంటే చెత్తే" అనేవాళ్లతోనూ నేను ఏకీభవించను.

సబ్జెక్టును బట్టి చాలా మారుతుంది. ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకు 1990ల మొదటినుంచీ ఆర్కైవ్ (arXiv) అనే ఉచిత వెబ్‌సైట్ ఉంది, కొత్త పేపర్లలో చాలావరకు అక్కడే చదివేయవచ్చు. వైద్యానికి పబ్‌మెడ్ సెంట్రల్, వ్యవసాయానికి భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) జర్నల్స్, మన దేశంలోని థీసిస్‌లకు శోధ్‌గంగ, ఇవన్నీ ఉచితమే. కానీ చరిత్ర, ఆర్థిక శాస్త్రం లాంటి వాటిలో యాభై, అరవై ఏళ్ల కిందటి సంచికలు తిరగేయాలంటే జేస్టోర్ లాంటి డేటాబేస్ లేకుండా లిటరేచర్ రివ్యూ ముందుకు సాగదు. పాత సంచికలు వరుసగా ఉండటం, సబ్జెక్టు, సంవత్సరం, రచయిత వారీగా వడపోసుకోగలగడం దాని అసలు బలం.

డబ్బు సంగతికొస్తే, 2024 నవంబరులో కేంద్ర క్యాబినెట్ ప్రభుత్వ సంస్థలన్నిటికీ కలిపి జర్నల్స్ చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నల్స్, 6,300కు పైగా ప్రభుత్వ సంస్థలు. మంచి పనే, కానీ మొదటి విడతలో ప్రైవేటు కాలేజీలకు చోటు లేదు, మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగ్ చదివేవాళ్లలో ఎక్కువమంది ఉండేది అక్కడే. కాలేజీ సొంతంగా చందా కట్టకపోతే వాళ్లకు ఓపెన్ యాక్సెసే దిక్కు. పైగా డిగ్రీ చేతికొచ్చి లాగిన్ పోయాక మనందరి పరిస్థితీ అంతే.

ఆ లాగిన్‌ను ఎలా వాడాలన్న దాని గురించి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. లైబ్రరీ కట్టిన చందా మీ ఒక్కరిది కాదు, క్యాంపస్ మొత్తానిది. సాఫ్ట్‌వేర్ పెట్టి ఒక జర్నల్‌ను మొదటి సంచిక నుంచి చివరిదాకా దించేస్తుంటే ప్రచురణకర్త సర్వర్‌కు అది ఏ క్యాంపస్ ఐపీ అడ్రస్ నుంచి వస్తోందో తెలుస్తుంది, అనుమానం వస్తే ఆ అడ్రస్‌ను ఆపేస్తారు, అప్పుడు థీసిస్ సబ్మిషన్ టెన్షన్‌లో ఉన్న పక్క డిపార్ట్‌మెంట్ స్కాలర్‌కూ తలుపు మూసుకుపోతుంది. 2010లో ఆరన్ స్వార్ట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ అక్కడి ఎంఐటీ యూనివర్సిటీ నెట్‌వర్క్ నుంచి జేస్టోర్ వ్యాసాలను పెద్ద ఎత్తున దించినప్పుడు జరిగింది ఇదే, కొన్ని రోజులపాటు మొత్తం ఎంఐటీకి జేస్టోర్ ఆగిపోయింది. తర్వాత ఆయన మీద పెట్టిన క్రిమినల్ కేసులు చేసిన పనికి ఏమాత్రం తగినవి కావన్నది నా అభిప్రాయం. అయినా ఆ కొద్ది రోజులు ఇబ్బంది పడింది తోటి పాఠకులే.

మీ చదువుకు కావలసిన పేపర్ ఒక కాపీ దించుకోవడంలో తప్పేమీ లేదు. పాస్‌వర్డ్ స్నేహితుడికి ఇవ్వడం, పీడీఎఫ్‌లు టెలిగ్రామ్ గ్రూపుల్లో పెట్టడం మాత్రం వద్దు, లింకో డీఓఐ నంబరో (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) పంపితే చాలు. టెక్స్ట్ మైనింగ్, అంటే కంప్యూటర్‌తో రాతలను విశ్లేషించడం కోసం నిజంగానే వేల వ్యాసాలు కావాలంటే ముందు లైబ్రేరియన్‌ను అడగండి, కొందరు ప్రచురణకర్తలు దానికి వేరే దారి చూపిస్తారు.

ఓపెన్ యాక్సెస్‌లోనూ ప్రమాదం లేకపోలేదు, డబ్బు తీసుకుని ఏదైనా అచ్చేసే జర్నల్స్ ఆ పేరు చాటునే బతుకుతున్నాయి. మన హైదరాబాద్‌కు చెందిన ఒమిక్స్ సంస్థ మోసపూరిత పద్ధతులకు పాల్పడిందని 2019లో అమెరికా కోర్టు తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. నమ్మదగిన జర్నల్స్ పేర్లతో యూజీసీ ఇచ్చే కేర్ లిస్టు కూడా 2025లో ఆగిపోయింది కాబట్టి పరీక్షించుకునే బాధ్యత మనదే. ఓపెన్ యాక్సెస్ జర్నల్స్ జాబితా అయిన డీఓఏజేలో ఉందా, ఎడిటర్లు నిజంగా ఆ రంగంలో పనిచేసేవాళ్లేనా, రచయిత కట్టాల్సిన ఫీజు ఎంతో ముందే చెబుతున్నారా, ఈ మూడూ చూడకుండా పేపర్ పంపకండి. అలాగని మంచి జర్నల్ ఫీజు చవకనీ కాదు, నేచర్ 2021లో ఓపెన్ యాక్సెస్ మొదలుపెట్టినప్పుడు ఒక్క పేపర్‌కు 9,500 యూరోలు పెట్టింది. అంత కట్టలేనివాళ్లు చందా జర్నల్‌లోనే వేసి, ఆ జర్నల్ నిబంధనలు ఒప్పుకుంటే, అంగీకారం పొందిన రాతప్రతిని యూనివర్సిటీ ఆన్‌లైన్ భాండాగారంలో (రిపాజిటరీలో) పెట్టవచ్చు. ఎక్కువమందికి అందుబాటులో ఉన్న దారి ఇదే, మన దగ్గర వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ.

లాగిన్ లేనివాళ్లు బ్రౌజర్‌లో అన్‌పేవాల్ (Unpaywall) అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి, పేపర్ పేజీ తెరవగానే దానికి చట్టబద్ధమైన ఉచిత కాపీ ఎక్కడైనా ఉంటే చూపిస్తుంది. అక్కడా లేకపోతే రచయితకే మెయిల్ రాయండి. మీరెవరో, ఏ పని కోసం కావాలో రెండు ముక్కల్లో చెబితే చాలామంది సంతోషంగా పంపిస్తారు.