560 రూపాయల కార్బొరేటర్‌తో రెండేళ్లు

2024 సంక్రాంతికి వారం ముందు కొమ్మలు కోసే నా చిన్న చైన్ సాకి కొత్త కార్బొరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) వేశాను. ధర 560 రూపాయలు. పైన ఏ కంపెనీ పేరూ లేదు. తెల్ల అట్టపెట్టె, అందులో ప్లాస్టిక్ కవర్, కవర్లో కార్బొరేటర్, రెండు గాస్కెట్లు (భాగాల మధ్య సందు మూసే పలచటి పొరలు), అంతే. దీని గురించి మొదటి రెండు వారాల్లో రాసి ఉంటే "కొనకండి, డబ్బు దండగ" అని రాసేవాణ్ణి. అది తప్పయ్యేది. ఆ రెండు వారాలూ నన్ను తిప్పలు పెట్టింది కార్బొరేటర్ కాదు, దాని వెనక నేను తిరగేసి పెట్టిన ఒక గాస్కెట్.

మిషన్ 25 సీసీది, 12 అంగుళాల బార్ (చుట్టూ చైన్ తిరిగే పట్టీ), పిడి పైన ఉండే రకం. గుంటూరు నుంచి ప్రత్తిపాడు వెళ్లే దారిలో మాకు చేను ఉంది. గట్టు మీద సుబాబుల్, కల్లం పక్కన రెండు వేప చెట్లు, వాగు వైపు ఎంత కొట్టినా మళ్లీ లేచే సర్కారు తుమ్మ. ఏడాదిలో ఇరవై, ఇరవై అయిదు రోజులు ఈ మిషన్ పని చేస్తుంది. మిగతా రోజులన్నీ షెడ్డులో మేకుకి వేలాడుతూ ఉంటుంది. అసలు తిప్పలన్నీ అక్కడే మొదలయ్యాయి.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ గాలికి మా వేప చెట్టు పెద్ద కొమ్మ విరిగి కల్లం షెడ్డు రేకుల మీద పడింది. వాన తగ్గాక మిషన్ దించి తాడు లాగితే ముప్పై సార్లకి కూడా స్టార్ట్ కాలేదు. ఆగస్టులో ఆయిల్ కలిపిన పెట్రోలు ట్యాంకులో అలాగే వదిలేశాను. కార్బొరేటర్ విప్పితే లోపలి జల్లెడ బెల్లం పాకం పట్టినట్టు గోధుమ రంగులో జిగటగా ఉంది. పెట్రోలు రాకని నడిపే పలచటి పొర, డయాఫ్రం, బిర్రబిగుసుకుపోయింది. అప్పటికి లోపలి డయాఫ్రంలూ గాస్కెట్లూ ఉండే కిట్ తెచ్చి మార్చడం తెలియక నేరుగా కొత్తది కొనేశాను.

కొనేటప్పుడు జాగ్రత్త. మొదట ఆన్‌లైన్లో ఫొటో చూసి తెప్పించింది సరిపోలేదు. పెట్రోలు పైపు తగిలించే ముక్కు అటువైపు ఉంది, బోల్టు రంధ్రాల దూరం కూడా రెండు మిల్లీమీటర్లు తేడా. తిప్పి పంపాను. సీసీ ఒకటే అయినా కార్బొరేటర్ ఒకటే అవ్వాలని లేదు. పాతదాని బాడీ మీద చెక్కిన అక్షరాలూ అంకెలూ చూడాలి, బోల్టుల మధ్య దూరం స్కేలు పెట్టి కొలవాలి, చోక్ ఎటు తిరుగుతుందో, పైపులు ఎటు వస్తాయో పోల్చాలి. రెండోసారి ఇవన్నీ పోల్చి కొన్నదే ఈ 560 రూపాయలది.

వేశాను. మూడో లాగుకి స్టార్ట్ అయింది. స్లోలో బ్రహ్మాండంగా తిరిగింది. సంతోషంగా రేస్ ఇచ్చాను. "బూఁ" అని గొంతు నొక్కినట్టు అయి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ అంతే. మెల్లగా రేస్ ఇస్తే ఎక్కుతుంది, కొమ్మ మీద ఆనించగానే చచ్చిపోతుంది.

ఇక స్క్రూల మీద పడ్డాను. ఇలాంటి కార్బొరేటర్‌కి మూడు స్క్రూలు ఉంటాయి. 'ఎల్' స్లోలో వెళ్లే పెట్రోలుకి, 'హెచ్' ఫుల్ రేస్‌లో వెళ్లే పెట్రోలుకి, మూడోది స్లో వేగానికి. ఎల్, హెచ్ రెండూ మెల్లగా చివరిదాకా బిగించి, అక్కడి నుంచి ఒక చుట్టు లేదా చుట్టున్నర వెనక్కి తిప్పడం మొదటి సెట్టింగ్. నేను హెచ్‌ని రెండు చుట్లు తిప్పాను, రెండున్నర తిప్పాను. ఏ మార్పూ లేదు. ఎల్ ఎక్కువ తెరిస్తే పొగ వచ్చింది తప్ప రేస్ రాలేదు. ట్యాంకులో ఫిల్టర్ మార్చాను, ప్లగ్ మార్చాను, సైలెన్సర్ నోట్లో ఉండే చిన్న జాలీకి పట్టిన మసి కాల్చి శుభ్రం చేశాను. ఇవన్నీ చెయ్యాల్సినవే, కానీ నా లోపం అక్కడ లేదు.

చివరికి మిషన్‌ని సంచిలో వేసుకుని బస్సెక్కి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. అక్కడ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లు బాగు చేసే ఒక పెద్దాయన ఉన్నాడు. సంగతి చెప్పాను.

"బాబాయ్, కొత్త కార్బొరేటరే పోయినట్టుంది."

"హెచ్ తిప్పితే శబ్దం మారుతోందా?"

"లేదు బాబాయ్. ఎంత తిప్పినా అంతే."

"నీళ్లు రాని కుళాయిని ఎంత తిప్పితే మాత్రం ఏం వస్తాయి అబ్బాయ్?"

ముందు ప్లగ్ విప్పి నా చేతిలో పెట్టాడు. కొస సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. పెట్రోలు చాలక గాలి ఎక్కువైన గుర్తు అది. ఇంకో రెండు రోజులు అలాగే నడిపి ఉంటే పిస్టన్ పట్టేసేదని చెప్పాడు. ఈ మిషన్లో ఇంజన్ లోపలి భాగాలకి ఆయిల్ అందేది పెట్రోలుతో కలిసే. పెట్రోలు తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది.

తర్వాత కార్బొరేటర్ ఊడదీసి, వెనకాల ఉన్న గాస్కెట్‌ని తీసి, ఇంజన్‌కీ కార్బొరేటర్‌కీ మధ్య ఉండే నల్లటి ఇన్సులేటర్ దిమ్మ మీద పెట్టి వెలుతురుకి ఎత్తి పట్టాడు. మధ్యలో పెద్ద రంధ్రం, అటూ ఇటూ బోల్టు రంధ్రాలు, ఓ మూలన అగ్గిపుల్ల పట్టేంత చిన్న రంధ్రం. దిమ్మలోనూ అలాంటి చిన్న రంధ్రమే ఉంది. నేను గాస్కెట్‌ని తిరగేసి పెట్టడంతో ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు రాలేదు. సగానికి పైగా మూసుకుపోయి నెలవంకలా సన్నటి చీలిక మిగిలింది.

ఆ చిన్న రంధ్రం ఏం చేస్తుందో ఆరోజు అర్థమైంది. బైక్ కార్బొరేటర్‌లో ఉన్నట్టు ఇందులో పెట్రోలు మీద తేలే ఫ్లోట్ ఉండదు. చైన్ సాని అడ్డంగా పడతాం, తలకిందులుగా పడతాం, ఫ్లోట్ పనికిరాదు. పిస్టన్ కిందికీ పైకీ కదిలినప్పుడల్లా దాని కింద ఉండే గదిలో, అంటే క్రాంక్‌కేసులో, గాలి ఒత్తిడి మారుతుంది. ఆ ఒత్తిడి ఈ రంధ్రంలోంచి వచ్చి కార్బొరేటర్‌లో ఒక పలచటి డయాఫ్రంని టపటపా కొట్టుకునేలా చేస్తుంది. ట్యాంకులోంచి పెట్రోలు లాగేది ఆ కొట్టుకోవడమే. దారి సగం మూసుకుపోతే స్లోకి కావలసిన కాస్త పెట్రోలు వస్తుంది, ఫుల్ రేస్‌కి చాలదు. అందుకే స్లో బాగుండి, రేస్ ఇస్తే చచ్చిపోయింది. హెచ్ తిప్పినా మార్పు రాకపోతే లోపం స్క్రూలో కాదు, పెట్రోలు అక్కడిదాకా రావడంలో ఉందని ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను.

గాస్కెట్ సరిగ్గా పెట్టి, స్క్రూలని మళ్లీ మొదటి సెట్టింగ్‌కి తెచ్చి, ఆయన నా ముందే ట్యూన్ చేశాడు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి, ఇంజన్ వేడెక్కాలి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టాలి. ముందు ఎల్. స్లో సాఫీగా ఉండి, రేస్ ఇవ్వగానే తడబడకుండా అందుకోవాలి. తర్వాత స్లో వేగం. హెచ్ చివర్లో. గాలిలో ఫుల్ రేస్ ఇచ్చినప్పుడు శబ్దం కాస్త బొంగురుగా, గరగరమంటూ ఉండాలి. కట్టె మీద ఆనించగానే ఆ గరగర పోయి గొంతు శుభ్రపడాలి. గాలిలోనే ఈల వేసినట్టు సన్నగా, కీచుగా వస్తే పెట్రోలు తక్కువ, వెంటనే హెచ్ కాస్త తెరవాలి. కీచు శబ్దం వినడానికి బాగుంటుంది, వేగం ఎక్కువ ఉన్నట్టు అనిపిస్తుంది. పిస్టన్ ప్రాణం తీసేది అదే. నా మిషన్‌కి హెచ్ చుట్టుంబావు దగ్గర కుదిరింది.

స్లో వేగం స్క్రూ సంగతి విడిగా చెప్పాలి. ఆటోనగర్ నుంచి వచ్చాక చలికి స్టార్టింగ్‌లో ఆగిపోతోందని నేనే అర చుట్టు బిగించాను. కొమ్మ కోసి రేస్ వదిలాను, చైన్ ఆగలేదు. మెల్లగా పాకుతూనే ఉంది. అవతల కొమ్మ పట్టుకుని మా నాన్న నిలబడి ఉన్నారు, ఆయన మోకాలికీ బార్‌కీ మధ్య జానెడు దూరం. స్విచ్ ఆపాను గానీ గుండె దడ తగ్గడానికి చాలాసేపు పట్టింది. స్లోలో చైన్ కదలకూడదు. కదిలితే ఆ మిషన్‌తో ఆరోజు పని చెయ్యకండి. స్లో తగ్గించినా కదులుతుంటే క్లచ్ స్ప్రింగ్ చూడాలి.

ఆ ఏడాది మే నెలలో ఇంకో గొడవ. పది నిమిషాలు బాగా నడిచి ఆగిపోయేది. కాసేపు ఆగి లాగితే మళ్లీ నడిచేది. ఎండకేమో అనుకున్నాను, గుంటూరు మే ఎండ సంగతి తెలిసిందే కదా. ఆగిపోయినప్పుడు ఓసారి ట్యాంకు మూత తిప్పాను, "సుయ్" మని గాలి లోపలికి పోయింది. ట్యాంకులోకి గాలి వెళ్లే వెంట్‌లో రంపపు పొట్టు, ఆయిలు కలిసి ముద్దగా పట్టింది. పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో గాలి చాలక కార్బొరేటర్‌కి పెట్రోలు రావడం ఆగిపోతోంది. పెట్రోలుతో కడిగి, గాలి ఊదితే పోయింది. ఈసారి మాత్రం కార్బొరేటర్ జోలికి వెళ్లలేదు.

పద్నాలుగు నెలలకి కార్బొరేటర్‌లోనే మొదటి నిజమైన లోపం కనిపించింది. సగం చోక్ మీద తప్ప నడవనని మొండికేసింది. విప్పితే మీటరింగ్ డయాఫ్రం, అంటే ఇంజన్‌కి ఎంత పెట్రోలు వెళ్లాలో చూసే రెండో డయాఫ్రం, గట్టిపడింది. కొత్తది వేలితో తాకితే తమలపాకులా వంగింది, పాతది ఎండాకులా చప్పుడు చేసింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని పట్టుకుంటుంది, నాసిరకం రబ్బరుని పాడు చేస్తుంది. 180 రూపాయల కిట్ తెచ్చి మార్చాను. విప్పే ముందు పొర పొరకీ ఫోన్లో ఫొటో తీసుకోండి. నా కార్బొరేటర్‌లో మీటరింగ్ వైపు ముందు గాస్కెట్, దాని మీద డయాఫ్రం. పంపు వైపు (ట్యాంకులోంచి పెట్రోలు లాగే వైపు) ముందు డయాఫ్రం, దాని మీద గాస్కెట్. తారుమారైతే మళ్లీ మొదటికొస్తుంది. పెట్రోలు దారిని మూసి తెరిచే సూదిని కదిపే చిన్న లీవర్ ఎత్తు కూడా విప్పక ముందే స్కేలు ఆనించి చూసి గుర్తుపెట్టుకున్నాను. అది కాస్త ఎత్తైతే పెట్రోలు ముంచేస్తుంది, కాస్త దిగితే చాలదు.

ఇక సరుకు సంగతి. బాడీ బాగుంది. రేస్ ఇరుసు ఇప్పటికీ అటూ ఇటూ ఆడటం లేదు, ఆడితే అక్కడి నుంచి కూడా గాలి లాగుతుంది. స్క్రూల తలలు మెత్తగా ఉన్నాయి, సరైన సైజు స్క్రూడ్రైవర్ లేకపోతే అరిగిపోతాయి. పెట్టెలో వచ్చిన గాస్కెట్లు పలచన, ఒకసారి విప్పితే మళ్లీ పనికిరావు. డయాఫ్రం నాణ్యత తక్కువ. 560కి ఇది న్యాయమే అంటాను, కానీ పాత కార్బొరేటర్ బాడీ తుప్పు పట్టకుండా ఉంటే ముందు 180 పెట్టి కిట్ వేసి చూడండి. నేను పారెయ్యకుండా ఉంచిన పాతదానికి మొన్న దీపావళి తర్వాత కిట్ వేసి, జల్లెడ కడిగి బిగించాను. రెండో లాగుకి స్టార్ట్ అయింది. అంటే ఆరోజు కొత్తది కొనాల్సిన పనే లేదన్నమాట.

ఇప్పుడు పెట్రోలు లీటరు చొప్పునే కలుపుతున్నాను, నా మిషన్ పుస్తకం చెప్పినట్టు లీటరుకి 40 మిల్లీలీటర్ల టూ-టీ ఆయిల్. పని అయ్యాక ట్యాంకు ఒంపేసి, మిషన్ తనంతట తాను ఆగేదాకా స్లోలో నడిపి, కార్బొరేటర్ ఖాళీ అయ్యాకే మేకుకి తగిలిస్తున్నాను. పక్క చేను వాళ్లు అడిగితే ఇస్తాను, తిరిగి వచ్చాక మాత్రం ముందు ట్యాంకు మూత తీసి చూస్తాను.