ఇండోర్ ఆటల ఫోటోల కోసం కెమెరా బాడీ మారుస్తున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, పాలమూరు వైపు ఆటల పోటీలకు ఫోటోలు తీసే అన్నలకు, తమ్ముళ్లకు, అక్కాచెల్లెళ్లకు నమస్తే. ఇండోర్ హాల్లో వెలుతురు చాలడం లేదని బాడీ మార్చే ఆలోచనలో ఉంటే, అందులోనూ సెకండ్‌హ్యాండ్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరా) చూస్తుంటే, దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు 52 వేలు పోయాయి. అంతకన్నా పెద్ద బాధ, ఒక పిల్ల ఫైనల్ గెలిచిన క్షణం ఫోటో లేకుండా పోయింది.

నాది నల్లగొండలో చిన్న స్టూడియో. పెళ్లిళ్లు, తొట్టెల ఫంక్షన్లతోనే ఇల్లు గడుస్తుంది. మా అమ్మాయిని షటిల్ కోచింగ్‌కు తీసుకుపోతూ అక్కడే కూర్చుని నాలుగు ఫోటోలు తీయడం అలవాటైంది. తర్వాత పీఈటీ సార్లు పిలవడం మొదలుపెట్టారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లు, సీఎం కప్ పోటీలు, కాలేజీల కబడ్డీ, ఇలా ఏది జరిగినా వెళ్లేవాడిని. పల్లెల నుంచి వచ్చే పిల్లలకు పేపర్లో ఫోటో పడితే ఇంట్లో వాళ్లు దాన్ని ఫ్రేమ్ కట్టించుకుంటారు. అందుకే ఈ పని నాకు ఇష్టం.

అప్పుడు నా దగ్గర ఉన్నది మామూలు క్రాప్ సెన్సర్ బాడీ (సెన్సర్ చిన్నది), 55-250 జూమ్ లెన్స్. మేం ఆడించే హాల్లో ఐఎస్‌ఓ (వెలుతురును పెంచి చూపే సెట్టింగ్) 6400 పెట్టి, లెన్స్ చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్/5.6 దగ్గర (ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లోంచి వెలుతురు ఎక్కువ వస్తుంది) షట్టర్ 1/125 సెకను దాటేది కాదు. స్మాష్ కొట్టే చెయ్యి మొత్తం పొగలా వచ్చేది. షటిల్‌కు కనీసం 1/500 కావాలి, 1/800 ఉంటే ఇంకా మంచిది. ఫ్లాష్ వేద్దామంటే ఆడేవాళ్ల కళ్లలో పడుతుంది, వేయకూడదు. బాడీ మారిస్తే తప్ప లాభం లేదనుకున్నాను. నా పొరపాటు అక్కడే మొదలైంది.

హైదరాబాద్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ షాపుకు వెళ్లాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు. బాడీ కంపెనీ పేరూ రాయను, ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. "అన్నా, లో లైట్ అంటే ఫుల్‌ఫ్రేమే. ఇది ఒక డాక్టర్ సారు ఇంట్లో వాడింది, 18 వేల క్లిక్కులే" అన్నాడు షాపతను. అది 2012లో వచ్చిన మోడల్. బాడీకి 46 వేలు. నా పాత లెన్స్ క్రాప్ బాడీలకే చేసింది, ఫుల్‌ఫ్రేమ్‌కు ఎక్కదు. కాబట్టి ఒక పాత 75-300 లెన్స్‌కు ఇంకో ఆరు వేలు. నా పాత కిట్‌ను పదిహేను వేలకు తీసుకుని మిగతా 37 వేలు క్యాష్ కట్టించుకున్నాడు. షాపు లైట్ల కింద నాలుగు ఫోటోలు తీసి చూశాను. ఐఎస్‌ఓ 6400లో కూడా నున్నగా వచ్చాయి. సంతోషంగా బస్సెక్కాను.

ఆదివారం సాయంత్రం హాల్లో వరుసగా క్లిక్ చేశాను. మొదటి ఫోటో తెల్లగా ఉంది. రెండోది పచ్చగా, చీకటిగా వచ్చింది. మూడోదాంట్లో పైభాగం బాగుంది, కింది సగం నల్లటి పట్టీ. సెట్టింగ్ ఏదీ మార్చలేదు. కెమెరా పాడైందేమోనని టెన్షన్ పడి ఆ రాత్రంతా మెనూలు తిప్పాను.

కారణం తర్వాత తెలిసింది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ కరెంటు మీద నడిచే ట్యూబులు, మెటల్ హాలైడ్ దీపాలు, చౌక రకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంటాయి. మన కంటికి తెలియదు. షట్టర్ 1/100 పెడితే ఒక పూర్తి ఊపు లోపలికి వస్తుంది కాబట్టి అన్ని ఫోటోలూ ఒకేలా ఉంటాయి. 1/800 పెడితే ఆ ఊపులో ఒక ముక్క మాత్రమే దొరుకుతుంది. అది వెలుతురు ముక్కా, చీకటి ముక్కా అన్నది మన అదృష్టం. పెళ్లి ఫోటోలకు 1/100 చుట్టూ పనిచేస్తాం కాబట్టి ఇన్నేళ్లూ నాకు ఈ బాధ ఎదురుకాలేదు.

దీనికి మందు ఉంది. యాంటీ ఫ్లికర్ అనే సదుపాయం ఉన్న బాడీలు దీపాల ఊపును కనిపెట్టి, వెలుతురు పైకి వచ్చిన క్షణానికే షట్టర్ తెరుస్తాయి. కానన్ 7డీ మార్క్ 2లో ఇది 2014లోనే వచ్చింది, తర్వాత 80డీలో కూడా ఉంది. నికాన్ డీ500లో, డీ7500లో ఉంది. గమనించండి, ఈ నాలుగూ క్రాప్ బాడీలే. నాకు అంటగట్టిన ఫుల్‌ఫ్రేమ్‌లో అది లేదు. ఇండోర్ స్పోర్ట్స్‌కే కావాలని నేను షాపులో మూడుసార్లు చెప్పాను. ఒక్కసారైనా ఈ మాట ఎత్తలేదు.

ఇంకో మాట కూడా ఎవరూ చెప్పలేదు. ఆ బాడీలో ఫోకస్ పాయింట్లు 11, అందులో నమ్మదగిన క్రాస్ టైప్ (అడ్డం, నిలువు రెండు గీతలనూ పట్టే) పాయింట్ మధ్యలో ఒక్కటే. సెకనుకు నాలుగున్నర ఫ్రేములు. కదలకుండా నిల్చున్న పెళ్లికూతురికి అది చాలా మంచి కెమెరా, ఇప్పటికీ అదే అంటాను. కబడ్డీలో రైడర్ పక్కకు తిరిగిన క్షణానికి మాత్రం అందదు. షటిల్‌లో అయితే ఫోకస్ పోయి నెట్ మీద కూర్చుంటుంది. లో లైట్‌లో ఫోటో నున్నగా రావడం వేరు, లో లైట్‌లో పరిగెత్తే మనిషిని పట్టుకోవడం వేరు. అమ్మేవాళ్లు మొదటిది చూపించి రెండోది దాస్తారు.

ఇక లెక్క. ఇది కొనకముందు కాగితం మీద వేసి ఉంటే నేను ఆ షాపు మెట్లే ఎక్కేవాడిని కాదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ 36 బై 24 మిల్లీమీటర్లు. నా పాత క్రాప్ సెన్సర్ సుమారు 22 బై 15. వైశాల్యం చూస్తే రెండున్నర రెట్ల పైచిలుకు తేడా. అంటే బాడీ మార్చినందుకు నాకు దక్కేది ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపు) మీద ఇంకొంచెం. అదే పాత బాడీకి 85 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ పెట్టి ఉంటే? ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వస్తే వెలుతురు తొమ్మిది రెట్లకు పైనే పెరుగుతుంది. 1/125 దగ్గర ఆగిన షట్టర్, అదే ఐఎస్‌ఓలో 1/1000 దాకా వెళ్తుంది. క్రాప్ బాడీ మీద 85 ఎంఎం చూపు 135 ఎంఎం లెన్స్ లాగా దగ్గరగా పడుతుంది. షటిల్ కోర్టు పొడవు 13.4 మీటర్లే. కోర్టు చివర కింద కూర్చుంటే ఆ చూపు సరిపోతుంది. కబడ్డీ కోర్టు పొడవు కూడా అంతకన్నా ఎక్కువ కాదు. 70-200 ఎఫ్/2.8 జూమ్ లెన్స్ కొనే స్తోమత మనలో చాలామందికి లేదు, కానీ ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని) లెన్సులు మనకు అందే ధరలోనే ఉన్నాయి.

నేనేం చేశాను? పాత కిట్ ఇచ్చేసి, అదే ఎఫ్/5.6 దగ్గర ఆగిపోయే ఇంకో లెన్స్‌తో ఫుల్‌ఫ్రేమ్ తెచ్చుకున్నాను. క్రాప్ వల్ల దగ్గరగా కనిపించే సౌకర్యం కూడా పోయింది.

అసలు మోసం 23వ రోజు బయటపడింది. అండర్-14 బాలికల షటిల్ ఫైనల్. దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చిన పిల్ల ఆడుతోంది. వాళ్ల నాన్న ట్రాక్టర్ డ్రైవర్. పొద్దునే వచ్చి, "సార్, మా బిడ్డది ఒక్క మంచి ఫోటో తియ్యండి, ఎంతైనా ఇస్తా" అన్నాడు. పైసలు వద్దన్నాను. రెండో గేమ్‌లో 18-17 దగ్గర కెమెరాలో పెద్ద చప్పుడై అద్దం పైనే ఉండిపోయింది. స్క్రీన్ మీద ఎర్రర్. బ్యాటరీ తీసి పెట్టినా లేవలేదు. ఆ పిల్ల గెలిచి ఎగిరిన క్షణం నా చేతిలో చచ్చిపోయిన కెమెరా ఉంది. ఫోన్‌తో తీసింది మసకగా వచ్చింది. ఆ తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. "పోనీలే సార్" అన్నాడు. తిట్టి ఉన్నా ఇంత బాధ ఉండేది కాదు.

రిపేరు చేసే అతను కేబుల్ పెట్టి చదివితే షట్టర్ కౌంట్ (అప్పటిదాకా కొట్టిన క్లిక్కులు) లక్షా అరవై మూడు వేలు. ఆ షట్టర్‌ను కంపెనీ లక్ష క్లిక్కుల వరకు లెక్కగట్టింది. మరి 18 వేలు ఎక్కడిది? షాపతను నాకు చూపించింది ఫోటో ఫైల్ నంబర్. "ఇది ఒక రౌండ్ తిరిగి ఎనిమిది వేలలో ఉంది, అంతా కలిపి 18 వేలు" అన్నాడు, నేను నమ్మాను. ఫైల్ నంబర్ 9999 దాటితే మళ్లీ 0001కి వస్తుంది. ఎన్ని రౌండ్లు తిరిగిందో దాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. మెనూలోకి వెళ్లి దాన్ని ఎవరైనా మొదటికి తేవచ్చు కూడా. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో (లోపల అద్దం ఉండే కెమెరాల్లో) అయితే తీసిన ఫోటో ఫైల్ లోపలే అసలు కౌంట్ ఉంటుంది, కంప్యూటర్‌లో చూసుకోవచ్చు. కానన్‌లో చాలా మోడళ్లకు అది ఫోటోలో ఉండదు. కేబుల్ పెట్టి చదివించాలి, లేదా సర్వీస్ సెంటర్‌లో అడగాలి. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి.

షాపుకు ఫోన్ చేస్తే, "ఏడు రోజుల టెస్టింగ్ వారంటీ అన్నా, అయిపోయింది కదా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. నా దగ్గరున్నది చేత్తో రాసిన ఎస్టిమేట్ చిట్టీ. దాని మీద సీరియల్ నంబర్ లేదు, జీఎస్‌టీ నంబర్ లేదు. నన్ను కాపాడింది ఒక్క వాట్సాప్ మెసేజ్. కొనకముందు అతనే "18కె క్లిక్స్ ఓన్లీ" అని ఫోటోతో సహా పంపాడు. మీరు కూడా అమ్మేవాళ్ల మాటలు నోటితో వదిలేయకుండా మెసేజ్‌లో రాయించుకోండి. బిల్లు మీద బాడీ సీరియల్ నంబర్, షట్టర్ కౌంట్ రెండూ వేయమని అడగండి. డబ్బు యూపీఐలో కట్టండి, క్యాష్ వద్దు.

ఇలాంటిది జరిగితే 1915కు ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. నేను అక్కడే మొదలుపెట్టాను. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం వచ్చాక షాపు హైదరాబాద్‌లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన డబ్బు ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపల వేయాలి. షాపు దగ్గర కొంటేనే ఈ దారి ఉంటుంది. తెలియని మనిషి తన సొంత కెమెరా అమ్మితే దీనికింద పట్టుకోవడం కష్టం.

కొత్త మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) కొనేవాళ్లకు ఒక్క మాట. సైలెంట్ షట్టర్ ఆన్‌లో పెట్టి ఆట తీయకండి. చాలా బాడీల్లో అది సెన్సర్‌ను వరుసవరుసగా చదువుతుంది కాబట్టి ఎల్‌ఈడీ కింద చారలు పడతాయి, ఊపిన రాకెట్ వంగినట్టు కనిపిస్తుంది. మెకానికల్ షట్టర్‌తోనే పరీక్షించండి. బాక్స్ మీద దిగుమతి చేసుకున్న కంపెనీ పేరు, అడ్రస్, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కర్ లేకపోతే, ధర ఎంత తక్కువ చెప్పినా ముట్టుకోవద్దు.

కొనే ముందు మీరు తీయబోయే హాలును మీ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. దీపాలు మినుకుమినుకుమంటే మీకు యాంటీ ఫ్లికర్ ఉన్న బాడీయే కావాలి. తర్వాత ఆ బాడీని ఒక గంటకైనా అదే హాల్లోకి తెచ్చి, 1/800లో వరుసగా ముప్పై ఫోటోలు తీయండి. షాపు నుంచి తెచ్చుకోవడం కుదరకపోతే అదే మోడల్ ఉన్న స్నేహితుడిని అడగండి, లేదా ఒకరోజుకు అద్దెకు తెచ్చుకోండి. పెళ్లి సీజన్‌లో మనం లెన్సులు అద్దెకు తెచ్చుకుంటూనే ఉంటాం కదా.

ఆ బాడీ ఇప్పుడు స్టూడియో అల్మారాలో ఉంది. కేసు కోసం రిపేరు చేయించలేదు. ఒక తమ్ముడి దగ్గర పాత క్రాప్ బాడీ, 85 ఎఫ్/1.8 అడిగి తెచ్చుకుని పని నడుపుతున్నాను. ఫ్లికర్ బాధ దానికీ ఉంది. ఒక్కో దెబ్బకు నాలుగైదు తీసి వెలుతురు పడ్డది ఉంచుకుంటున్నాను. మొన్న ఆ తండా పిల్ల మళ్లీ ప్రాక్టీసుకు వచ్చింది. జంప్ స్మాష్ 1/1000లో దొరికింది, ప్రింట్ వేయించి వాళ్ల నాన్నకు ఇచ్చాను.

వారంలో మూడు సాయంత్రాలు, ఆరు దాటాక, లైట్లు వేసిన తర్వాత నేను హాల్లోనే ఉంటాను. నల్లగొండ చుట్టుపక్కల ఎవరైనా బాడీ కొనబోతుంటే తీసుకుని రండి. కేబుల్, ల్యాప్‌టాప్ నా దగ్గర ఉన్నాయి. కౌంట్ చదువుదాం, పిల్లలు ఆడుతుంటే ముప్పై ఫోటోలు తీసి చూద్దాం.