బెలుం గుహలకు వెళ్లండి, లాడ్జికి ముందే డబ్బు కట్టకండి

హైదరాబాద్ నుంచి మూడు వందల కిలోమీటర్లకు పైగా కారు నడిపి బెలుం వెళ్లినందుకు మాకు ఏ విచారమూ లేదు. విచారమంతా ముందు రాత్రి బస గురించే.

దిల్‌సుఖ్‌నగర్‌లో మధ్యాహ్నం బయలుదేరాం. కర్నూలు దాకా దారి హాయిగా సాగింది. గుహలకు దగ్గరని ఒక లాడ్జిలో రెండు ఏసీ గదులకు ఫోనులోనే 3,600 రూపాయలు కట్టాం. రాత్రి తొమ్మిదిన్నరకు చేరితే, కౌంటరులోని మనిషి "ఏసీ వేయాలంటే గదికి 600 అదనం" అన్నాడు. వాళ్లు పంపిన మెసేజి చూపించాను. చదవనైనా లేదు. మోకాళ్ల నొప్పితో అత్తయ్యగారు మెట్ల మీదే కూర్చుండిపోయారు. ఆవిడ ముఖం చూసి మావారు 1,200 ఇచ్చేశారు. ఆ ఏసీ గంటకే ఆగిపోయింది. దుప్పట్లు ముక్కవాసన. పొద్దున బకెట్టు వేడినీళ్లకు మరో 30. డబ్బు పోతే పోయింది, పెద్దావిడను అంతసేపు గుమ్మంలో ఉంచి బేరమాడారే, ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు. మీరు వెళ్తే నంద్యాలలో దిగండి. గది చూసి, ఏసీ వేయించి, ఆ తర్వాతే డబ్బివ్వండి.

ఉదయం రోడ్డు పక్కన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నలుగురికీ కలిపి 160. అత్తయ్యగారు మారు అడిగి పెట్టించుకున్నారు. అమ్మాయి మాత్రం ముభావంగానే ఉంది. ట్యూబు మీద తేలుతూ గుహలు దాటే విదేశీ వీడియోలు చూసి, ఇక్కడా అంతే అనుకుంది. బెలుంలో నడకే.

ఆ నడక ఎంత బాగుందో! చదునైన నేలలో పెద్ద గొయ్యి, అందులోకి మెట్లు. మొత్తం గుహ 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. నీళ్లు సున్నపురాతిని కరిగించి చేసిన దారులవి, ఒకచోట కల్యాణమండపమంత విశాలం, మరోచోట నడుము వంచితేనే దూరగలం. మా వంటింట్లో పరిచిన బేతంచెర్ల బండ కూడా సున్నపురాయేనని అక్కడ గోడ తడుముతుంటే గుర్తొచ్చింది. గాలి గొట్టాలున్నా లోపల విపరీతమైన ఉక్క. నూలు బట్టలే వేసుకోండి, నీళ్ల సీసా మరవకండి.

గైడు అత్తయ్యగారి చెయ్యి పట్టుకుని, ఆవిడ ఆగిన ప్రతిచోటా ఆగాడు. సప్తస్వరాల గుహలో రాతి ఊడలను వేలి కణుపులతో తట్టి వినిపించాడు. అక్కడే కూర్చుంటానన్నారావిడ. మావారు తోడున్నారు.

మేమిద్దరం పాతాళగంగకు దిగాం. నేల మట్టానికి 46 మీటర్ల లోతు. సన్నటి ధార రాతి కిందికి దూరి మాయమైపోతుంది. అమ్మాయి మోకాళ్ల మీద వంగి, ఆ నీళ్లు ఎక్కడికి పోతాయని అడిగింది. రెండు కిలోమీటర్ల దూరంలో బెలుం ఊరి బావిలోకని ఇక్కడివాళ్లు నమ్ముతారన్నాడు గైడు. ఆ బావి చూపించమని కారెక్కేదాకా నన్ను వదల్లేదు.