బడిలో వేసే నట్టల మాత్ర: సేవ బాగుంది, వివరణే చాలలేదు

దేవరకొండ వైపు మా ఊరి ప్రభుత్వ బడిలో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాడు పిల్లలకు ఆల్బెండజోల్ అనే నట్టల (నులిపురుగుల) మాత్ర వేసిన తీరును దగ్గరుండి చూశాను. 2015లో మొదలైన ఈ కార్యక్రమంలో 1 నుంచి 19 ఏళ్లలోపు వారికి మాత్ర ఉచితంగా ఇస్తారు. మధ్యాహ్న భోజనం ముగిశాక టీచరు, ఆశా కార్యకర్త కలిసి ఒక్కొక్కరికీ 400 మిల్లీగ్రాముల మాత్ర ఇచ్చి, తమ ఎదుటే నమిలించి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి చూసిన తర్వాతే రిజిస్టరులో టిక్కు పెట్టారు. జ్వరంతో ఉన్న పిల్లవాడికి, తగ్గాక వేస్తామని చెప్పి ఆపారు. ఈ శ్రద్ధ నిజంగా మెచ్చుకోదగినది.

నాకు అసంతృప్తి కలిగించింది వివరణే. "పోయినసారి వేసిండ్రు కదా, మళ్లీ ఎందుకు?" అని ఒక తల్లి అడిగితే, పైనుంచి ఆర్డరు వచ్చిందన్న జవాబు తప్ప మరేమీ దొరకలేదు. ఆమె అడిగింది చాలా మంచి ప్రశ్న. తట్టు ఒకసారి వచ్చిపోతే సాధారణంగా మళ్లీ రాదు. నట్టల సంగతి అలా కాదు. మన ఒళ్లు వాటితో పోరాడుతుంది గాని, పూర్తిగా గెలవలేదు. పేగు గోడలోని టఫ్ట్ కణాలు పురుగును పసిగట్టి ఐఎల్-25 అనే సంకేతాన్ని పంపుతాయని, దానితో మేల్కొన్న రక్షక కణాలు ఐఎల్-13 అనే మరో సంకేతాన్ని విడుదల చేస్తే పేగులో జిగురు బాగా ఊరి, కదలికలు పెరిగి, పురుగు బయటికి నెట్టబడుతుందని ఎలుకలపై జరిపిన పరిశోధనల్లో 2016లో వెల్లడైంది. మనుషుల్లోనూ ఐజీఈ ప్రతిరక్షకాలు, ఇసినోఫిల్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు పెరుగుతాయి. రక్త పరీక్ష రిపోర్టులో ఇసినోఫిల్స్ ఎక్కువగా కనిపిస్తే డాక్టర్లు నట్టలను కూడా అనుమానించేది అందుకే. అయితే పురుగులు తమ స్రావాలతో ఒంటి రక్షణ దాడిని అదుపులో ఉంచే నియంత్రక టీ కణాలను ప్రేరేపించి, ఐఎల్-10 వంటి సంకేతాల ద్వారా ఈ దాడిని చల్లార్చుకుంటాయి. నట్టల్లో ఒక రకమైన కొంకిపురుగులైతే ఏళ్ల తరబడి పేగులోనే ఉండి రక్తం పీలుస్తాయి.

మాత్ర ఆనాటికి కడుపులో ఉన్న పురుగులను చంపుతుందే గాని, రేపు చెప్పుల్లేకుండా తడి మట్టిలో నడిచే పిల్లవాడి పాదం గుండా కొత్తవి దూరకుండా ఆపలేదు. పైగా మరో రకం నట్ట అయిన కొరడాపురుగు మీద ఒక్క మోతాదు అంతగా పనిచేయదు. ఏడాదికి రెండుసార్లు వేయడం, చెప్పులు, మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడగడం ఇవన్నీ కలిసి నడవాల్సిన కారణం ఇదే.

పంపిణీకి ఐదుకు నాలుగున్నర, వివరణకు రెండు ఇస్తున్నాను. ఆగస్టు విడతకు ముందు తల్లుల సమావేశం పెట్టి, ఈ నాలుగు ముక్కలు చెప్పించమని హెడ్‌మాస్టరు గారిని కోరాను.