గోడ బారోమీటర్: తిరుపతి ఇళ్లకు పనికొస్తుందా?

ఇది గాలి పీడనాన్ని కొలిచే పరికరం. పాదరసం లేని అనరాయిడ్ రకం, స్కేలు 960 నుంచి 1060 హెక్టోపాస్కల్ (పీడనం కొలిచే యూనిట్) దాకా. లోపల గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ ఉంటుంది. బయటి పీడనం పెరిగితే అది నొక్కుకుంటుంది, తగ్గితే ఉబ్బుతుంది. ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. బ్యాటరీ గొడవ లేదు.

కొన్న వెంటనే తగిలించేస్తే మాత్రం అంకె తప్పుతుంది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది. ఎనిమిది తొమ్మిది మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది కాబట్టి ఇక్కడ ముల్లు దాదాపు 18 తక్కువ చూపిస్తుంది. వెనకున్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పి, రేణిగుంట విమానాశ్రయం రిపోర్టులోని క్యూఎన్‌హెచ్ (సముద్రమట్టానికి సరిచేసిన పీడనం) అంకెకు తేవాలి. తిప్పిన ప్రతిసారీ అద్దం మీద వేలితో తట్టండి, ఇరుక్కున్న ముల్లు సర్దుకుంటుంది. చిత్తూరులోనూ ఇదే పద్ధతి. తిరుమలకైతే కొనొద్దు: అక్కడి అసలు పీడనం 920 దరిదాపుల్లో, అంటే స్కేలుకే అందదు.

డయల్ మీద ‘వాన’, ‘ఎండ’ అన్న రాతలు యూరప్ వాళ్ల కోసం, మనకు అలంకారమే. ఇక్కడ ముల్లు ఉదయం పదికి పైకెక్కి సాయంత్రం నాలుగుకి మూడు నాలుగు హెక్టోపాస్కల్ దిగడం రోజూ ఉండేదే. అందుకే నిన్న ఇదే వేళకున్న అంకెతోనే పోల్చాలి. నవంబరులో అలా పోల్చినా పడిపోతూనే ఉంటే బంగాళాఖాతం వైపు చూడాల్సిందే. మే నెల ఉరుముల వానను మాత్రం ఇది ముందుగా పట్టలేదు.